పాసు మాస్టారి కుర్చీ పరీక్ష

మా మావయ్యని అందరూ పాసు మాస్టారంటారు. ఆయన డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద వేరే పేరే ఉంది, కానీ దాన్ని చదివినవాడు నాకింతవరకూ తగల్లేదు. కాలేజీ మధ్యలో మానేసి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న నన్ను మా అమ్మ తీసుకెళ్ళి, "అన్నయ్యా, వీడికి ఏదో ఒకటి నేర్పు, నా వల్ల కావట్లేదు" అని ఆయనకి అప్పజెప్పింది. అప్పటినుంచి స్కూల్లో రెండో కారు నాది. మొదటి కారు, జబ్బు చేసేదాకా, ఆయనదే.

ఆయన నేర్పేది డ్రైవింగ్ కాదు. ఈ మాట ఆయన మొహం మీదే చాలాసార్లన్నాను. ఆయన నేర్పేది లైసెన్సు పరీక్ష. ఏ ఇన్‌స్పెక్టరు ఏ వీధిలోంచి తీసుకెళ్తాడు, ఎవరికి హారన్ కొడితే చిరాకు, ఎవరు క్లచ్ మీద కాలు చూస్తారు, ఎవరు అసలేమీ చూడకుండా ఫోన్ చూసుకుంటారు, అన్నీ ఆయనకి కంఠతా వచ్చు. "నువ్వు అద్దం చూశావా లేదా అన్నది కాదమ్మా. చూశావని ఆయన చూశాడా లేదా? తల తిప్పు. కళ్ళు తిప్పితే ఎవడిక్కనబడుతుంది?" అని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చెబుతాడు.

ఒక లెక్కల టీచరమ్మ ఉండేది. రిటైరయ్యాక కారు కొనుక్కుంది. ఎక్కడా పాసవ్వక చివరికి మావయ్య దగ్గరకొచ్చింది. ఈయన ఆవిడకి పరీక్ష పెట్టే రోడ్డు తప్ప ఇంకో రోడ్డు చూపించలేదు. పాసైంది. ఆ తర్వాత ఎన్నేళ్ళు గడిచినా ఆవిడ ఆ ఒక్క రోడ్డులోనే వెళ్ళి, ఆ ఒక్క మలుపే తిరిగి ఇంటికొచ్చేది. కూరగాయల కొట్టు ఆ దారిలో లేదు కాబట్టి దానికి నడిచి వెళ్ళేది. ఇది చెప్పి నేను వెక్కిరిస్తే మావయ్య నొచ్చుకునేవాడు. "పాసైందా లేదా?" అనేవాడు.

ఆయన్ని అనడానికీ లేదు. చిన్నప్పుడు లారీ మీద క్లీనరు. ఇరుకు గోడౌనులోకి లారీని వెనక్కి తోలడంలో ఆయన్ని మించినవాడు లేడట. అలాంటివాణ్ణి లైసెన్సు పరీక్షలో మాటిమాటికీ ఫెయిల్ చేశారు. స్టీరింగు ఒంటిచేత్తో పట్టుకున్నాడని ఒకసారి, మొహంలో భయం లేదని ఒకసారి. చివరికి లారీ సంగతి వదిలేసి పరీక్ష పెట్టేవాణ్ణి చదవడం మొదలుపెట్టాడు. రెండు చేతులూ పెట్టాడు, కొంచెం భయం కూడా పెట్టాడు. పాస్. ఆ రోజునుంచి ఆయన లెక్కలో లోకంలో ఉన్నది రెండే రకాల మనుషులు: పరీక్ష పెట్టేవాళ్ళు, వాళ్ళని కనిపెట్టేవాళ్ళు. పెళ్ళిచూపుల్లో కూడా అత్తయ్య వాళ్ళ నాన్న దేనికి తలూపుతాడో ముందే కనుక్కుని వెళ్ళాడని అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటి మనిషికి డెబ్భై దాటాక రక్త క్యాన్సరొచ్చింది. మొదట చిగుళ్ళ నుంచి రక్తం. తర్వాత కాళ్ళ మీద ఎర్రటి చుక్కలు. "కొత్త సీటు కవరు పడలేదు" అన్నాడు. మెట్లెక్కితే ఆయాసం. "మెట్లు ఎత్తుగా కట్టారు" అన్నాడు. నేను బలవంతాన లాక్కెళ్తే రక్తం చూసినవాళ్ళు పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. అక్కడ తుంటి ఎముకలోంచి మూలుగు తీసి చూశారు. అక్యూట్ లుకేమియా. ఆగేది కాదు, త్వరగా ముదిరేది.

డాక్టరమ్మ నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. పొట్టి జుట్టు, మెడలో గుర్తింపు కార్డు ఎప్పుడూ తిరగబడే ఉంటుంది. ఆవిడ అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. దారులు రెండున్నాయి. ఒకటి గట్టి మందు. నెల పైన వార్డులో ఉండాలి, ఒంట్లో ఉన్న మంచి కణాలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి, తట్టుకుంటే జబ్బు బాగా వెనక్కి పోవచ్చు. రెండోది మెత్తటి మందు. నెలకి కొన్నాళ్ళు ఇంజెక్షన్లు, మాత్రలు, మిగతా రోజులు ఇంట్లో.

"ఏది పనిచేస్తుంది?" అన్నాను.

"మూలుగు తీశాం కదా, దాంట్లో జన్యు పరీక్ష రిపోర్టు రావాలి. జబ్బు ఏ మందుకి లొంగే రకమో అది కొంత చెబుతుంది. మందుని మీ మావయ్యగారి ఒళ్ళు తట్టుకుంటుందా లేదా అన్నది వేరే లెక్క. ఈ వయసులో కొంతమంది జబ్బుతో కాదు, మేమిచ్చిన గట్టి మందుతోనే మొదటి వారాల్లో పోతారు. కార్డు మీద వయసు చూసి అది చెప్పలేం. డెబ్భై అయిదులో తట్టుకున్నవాళ్ళున్నారు, అరవై అయిదులో తట్టుకోనివాళ్ళున్నారు. అందుకే చిన్న పరీక్ష పెడతాం."

పరీక్ష అన్న మాట వినబడగానే మావయ్య వెన్ను నిటారుగా అయింది. నేను చూశాను. అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

నర్సు చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమంది. రెండోసారికే కూలబడ్డాడు. గదిలో ఈ చివరనుంచి ఆ చివరకి నడవమంది. గోడ పట్టుకున్నాడు. మూడు మాటలు చెప్పి, కాసేపాగి మళ్ళీ చెప్పమంది: గొడుగు, రైలు, నిమ్మకాయ. నిమ్మకాయ రాలేదు. గుండ్రంగా గడియారం గీసి ముళ్ళు పెట్టమంటే పెట్టాడు. స్నానం మీరే చేస్తారా, ఈ మధ్య పడ్డారా అని అడిగింది. వచ్చిందంతా నర్సు రాసుకుంది.

డాక్టరమ్మ చూసి, "ఇప్పుడు రక్తం మరీ తక్కువగా ఉంది, జ్వరం కూడా ఉంది. రక్తం ఎక్కించి, జ్వరం తగ్గాక మళ్ళీ చూద్దాం. ఈలోగా రిపోర్టూ వస్తుంది, అప్పుడు నిర్ణయం చేద్దాం" అంది.

కారెక్కగానే మావయ్య అన్నాడు: "సిలబస్ తెలిసిపోయింది."

"ఏం సిలబస్?"

"గట్టి మందంటే పాసు. మెత్తటి మందంటే ఫెయిలైనవాళ్ళకి. అంతేగా?"

"మావయ్యా, ఆవిడ అలా చెప్పలేదు."

"నువ్వు నడుపు. ఆవిడ ఏం చెప్పిందో నాకర్థమైంది."

అక్కడనుంచి మొదలైంది నా ఖర్మ. మర్నాడే వార్డులో చేరి, రక్తం ఎక్కించుకుని రెండు రోజులకి ఇంటికొచ్చాడు. హాల్లో ఉన్న కుర్చీలన్నీ ఒకటొకటిగా కూర్చుని చూసి, ఆసుపత్రి కుర్చీ ఎత్తుకి సరిపోయేది ఒకటి తేల్చాడు. దాని ముందు నిలబడి చేతులు కట్టుకుని ప్రాక్టీసు. "ఆ డాక్టరు పిల్ల మోకాళ్ళు చూడదురా, మొహం చూస్తుంది. మూలిగామా, పోయాం. నవ్వుతూ లేవాలి." పళ్ళన్నీ బయటపెట్టి లేస్తున్నాడు. చూడటానికి భయంగా ఉంది.

"ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి, పడితే లోపల రక్తం కారుతుందని చెప్పారు కదా" అన్నాను.

"పడితే కదా."

పడ్డాడు. స్నానాల గదిలో. అత్తయ్య అరిస్తే పరిగెత్తాను. మోచెయ్యీ, పిర్రా నల్లగా కమిలిపోయాయి. మళ్ళీ ఆసుపత్రికి పోదామంటే ఇద్దరూ నా మీదే పడ్డారు.

"చెప్పొద్దురా. పడ్డారా అని అడుగుతారు కదా. ఆ ప్రశ్నకి మార్కులు పోతాయి" అంది అత్తయ్య.

"నువ్వు కూడానా అత్తయ్యా?"

"ఏం చెయ్యమంటావ్? ఆయన పట్టుకున్న కుందేలుకి మూడే కాళ్ళు. గట్టి మందైతే పూర్తిగా తగ్గుతుందని ఈయన చెబుతున్నారు. తగ్గాలని నాకుండదా?"

ఆయన చెబుతున్నారు! డాక్టరు కాదు, ఆయన. అప్పటికే ఆయనకి స్నానం చేయించేది ఆవిడే. చొక్కా గుండీలు పెట్టేది ఆవిడే. మంచం మీదనుంచి లేవడానికి చెయ్యిచ్చేది ఆవిడే. పొద్దున కుర్చీ ప్రాక్టీసు చేస్తే ఆ రోజంతా, మర్నాడంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు. లేచి మళ్ళీ కుర్చీ. పక్కన పడుకుని పెదాలు కదిపేవాడు. గొడుగు, రైలు, నిమ్మకాయ. గొడుగు, రైలు, నిమ్మకాయ.

మధ్యలో ఫోన్లు. చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న. "ఇంతకీ తగ్గుతుందంటారా, తగ్గదంటారా?" డాక్టరమ్మ ఏమందో చెప్పేవాణ్ణి: వందమందిలో ఎంతమందికి పనిచేస్తుందో చెప్పగలదట, మావయ్య ఆ వందలో ఏ వైపున్నాడో చెప్పలేదట. "అదేంట్రా, అంత చదువుకుని!" అని అవతలనుంచి నిట్టూర్పు. పెద్ద బాబాయైతే వాళ్ళ వీధిలో ఎవరో ఎనభై ఏళ్ళాయన గట్టి మందు తీసుకుని సైకిలు తొక్కుతున్నాడని చెప్పాడు. సైకిలు తొక్కనివాళ్ళు కనబడరు బాబాయ్, వాళ్ళు వీధిలో ఉండరు అన్నాను. నాకు తలపొగరన్నాడు.

రెండో పరీక్ష రోజు మావయ్య కొత్త చొక్కా వేసుకున్నాడు, కమిలిన మోచెయ్యి కనబడకుండా పొడుగు చేతులది. రెండు రోజులు కదలకుండా పడుకుని ఓపికంతా దాచుకున్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర చక్రాల కుర్చీ తెస్తానంటే కసిరాడు. "ఆ పిల్ల లోపలనుంచి కిటికీలో చూస్తుంటుంది."

డాక్టరమ్మ తనే పరీక్ష పెట్టింది. కుర్చీలోంచి లేచాడు. కూర్చున్నాడు. లేచాడు. ఆ దిక్కుమాలిన నవ్వు మొహాన అతికించుకుని అయిదుసార్లూ లేచాడు. నడిచాడు, పెళ్ళికొడుకులా. గడియారం గీశాడు. ముళ్ళు పెట్టడమే కాదు, మధ్యలో కంపెనీ పేరు కూడా రాశాడు.

"చాలా తేడా ఉందండీ!" అంది ఆవిడ. నిజంగానే సంతోషించింది. "రిపోర్టు కూడా వచ్చింది. మీ జబ్బు మరీ మొండి రకం కాదు. గట్టి మందుకి లొంగే అవకాశముంది, మెత్తటిదానికి కూడా లొంగొచ్చు. ఇక తేలాల్సింది మీ ఒళ్ళు సంగతే. ఇలా ఉంటే గట్టి మందు గురించి ఆలోచించొచ్చు. స్నానం అవీ మీరే చేసుకుంటున్నారా?"

"నేనే."

"ఈ మధ్య పడ్డారా?"

"లేదు."

ఆవిడ అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య గోడ మీద చేతులు కడుక్కోవడం ఎలాగో బొమ్మలేసిన కాగితం చదువుతోంది. వారాల తరబడి వార్డు, తుడిచిపెట్టుకుపోయే ఒళ్ళు, ఈ పెళ్ళికొడుకు నడకని నమ్మి ఇచ్చేస్తుంది. నోరు తెరవబోయాను. మావయ్య నా కాలు తొక్కాడు. బ్రేకు తొక్కి తొక్కి ఆ కాలికి మాత్రం బలం తగ్గలేదు.

"చివరిగా, ఇందాక నేను చెప్పిన మూడు మాటలు చెప్పండి" అంది ఆవిడ.

"గొడుగు, రైలు, నిమ్మకాయ" అన్నాడు మావయ్య, టకటకా.

ఆవిడ కలం ఆగింది. ఆవిడ ఇందాక చెప్పినవి తాళం, పిల్లి, మేఘం. ప్రతిసారీ మాటలు మారుస్తారట. మావయ్య ఆవిడ చెబుతున్నంతసేపూ తలూపాడే గానీ వినలేదు.

"ఇంకోసారి ఆలోచించండి."

"గొడుగు. రైలు. నిమ్మకాయ." ఈసారి నెమ్మదిగా, చెవిటివాళ్ళకి చెప్పినట్టు.

ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. గొంతు మెత్తగా మారింది. అత్తయ్యని అడిగింది. "ఈ మధ్య మరచిపోవడం ఎక్కువైందా అండీ? చెప్పిందే చెప్పడం, ఇంట్లో వస్తువులు ఎక్కడ పెట్టారో గుర్తులేకపోవడం?"

మావయ్యకి విషయం అందడానికి క్షణం పట్టింది. అందాక మొహం జేవురించింది.

"నాకా? నాకు మతిమరుపా? ఈ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళలో వచ్చిన ఇన్‌స్పెక్టర్లందరినీ వరసగా చెబుతాను, ఎవరికి ఏ కాలు కుంటో కూడా చెబుతాను! నాకు మతిమరుపేంటమ్మాయ్! అవి నేను ఇంట్లో పది రోజులు బట్టీ పట్టినవి!"

అత్తయ్య కళ్ళు మూసుకుంది.

డాక్టరమ్మకి మాత్రం కోపం రాలేదు. "ఇంకేం బట్టీ పట్టారు?" అంది.

"ఏం లేదు."

"ఉంది" అన్నాను. కాలు ముందే వెనక్కి తీసుకున్నాను. "కుర్చీ కూడా బట్టీయే. పొద్దున ఇది చేస్తే రెండు రోజులు మంచం దిగడు. స్నానం అత్తయ్య చేయిస్తుంది. పడ్డాడు కూడా. చొక్కా చెయ్యి పైకి జరపమనండి."

"ఒరేయ్!"

"ఏంటి ఒరేయ్? చచ్చిపోతావు మావయ్యా. పాసై చచ్చిపోతావు. ఆ టీచరమ్మకి నువ్విచ్చింది లైసెన్సు. ఆవిడ కూరగాయలకి నడిచి పోయింది, సరిపోయింది. ఇక్కడ నడిచి పోవడానికి దారెక్కడుంది?"

"కాలేజీ మానేసినవాడు నాకు చెబుతున్నాడు! నువ్వు చూడవే!" అన్నాడు అత్తయ్యతో.

"వాడు చెప్పింది నిజమే కదండీ" అంది అత్తయ్య. ఏడుస్తోంది. "నా నడుం కూడా పోయింది మిమ్మల్ని లేపలేక."

ఈ మాట ఆయనకి నా మాట కంటే గట్టిగా తగిలింది. డాక్టరమ్మ ఆయన చొక్కా చెయ్యి పైకి జరిపి మోచెయ్యి చూసింది, తల స్కాను రాసింది, ఆ రాత్రికి వార్డులో ఉండమంది. తర్వాత చెప్పింది.

"మాస్టారూ, నేను మీకు మార్కులెయ్యడానికి కూర్చోలేదు. మీ ఒంట్లో ఎంత ఉందో చూసి అంత మందు పొయ్యాలి నేను. మీరు ఎక్కువ చూపిస్తే ఎక్కువ పోస్తాను. నాకు వేరే కళ్ళు లేవు. ఇవే ఉన్నాయి." కుర్చీ చూపించింది. "ఇప్పుడు వద్దు, అలిసిపోయారు. రేపు వార్డులో ఉంటారు కదా. రేపు చూద్దాం. నవ్వక్కర్లేదు."

స్కానులో తలకి దెబ్బేమీ లేదని తేలింది. మర్నాడు నర్సు కుర్చీ తెచ్చి మంచం పక్కన వేసింది. మావయ్య నా వైపు చూడలేదు. మూడుసార్లు లేచాడు. నాలుగోసారి సగం లేచి ఆగిపోయాడు, మోకాళ్ళు వణికాయి, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద వేసి మళ్ళీ కూర్చున్నాడు. మూలిగాడు కూడా. తాళం, పిల్లి, మేఘం కాకుండా ఇంకేవో మూడు మాటలు చెబితే మూడూ తిరిగి చెప్పాడు. మతి బాగానే ఉందని నర్సు చేత గట్టిగా చెప్పించుకుని గానీ వదల్లేదు.

మెత్తటి మందన్నారు. మెత్తటిదంటే ఉత్తుత్తిది కాదనీ, ఈ వయసులో చాలామందికి ఇప్పుడు అదే ఇస్తున్నామనీ, ఆయన జన్యువుల్లో ఒక మార్పుకి అది బాగా పనిచేసే అవకాశం కూడా ఉందనీ డాక్టరమ్మ చెప్పింది. పనిచేస్తుందని రాసివ్వమన్నాడు మావయ్య. ఇవ్వనంది. "ఈ పిల్లకి ధైర్యం లేదు" అని తేల్చేశాడు.

ఆ నెలంతా ఆయన నాతో మాట్లాడలేదు. కావలసినవి అత్తయ్య ద్వారా చెప్పించాడు. నేను ఎదురుగా ఉన్నా సరే, "వాణ్ణి కారు తియ్యమను" అనేవాడు. "మావయ్యా, ఇక్కడే ఉన్నాను" అంటే కిటికీలోకి చూసేవాడు. నాకూ విసుగొచ్చింది. స్కూల్లో ఆయన శిష్యులు నా దగ్గరకొచ్చి, "మాస్టారైతే ఈ మలుపు ఎలా తిప్పేదీ ముందే చెప్పేసేవారు" అని సతాయించేవాళ్ళు. రోడ్డు చూసి తిప్పండి అనేవాణ్ణి. ఇద్దరు ఫీజు వెనక్కిచ్చెయ్యమన్నారు.

మొదటి విడత అయ్యాక మళ్ళీ మూలుగు తీశారు. చెడు కణాలు తగ్గాయి, పోలేదు. అయితే పనిచేస్తున్నట్టా కాదా అని చుట్టాలు. పనిచేస్తున్నట్టుంది, ఇంకో విడత చూస్తే గానీ చెప్పలేనని డాక్టరమ్మ. ఫోన్ కట్టేసి గోడకి విసిరెయ్యాలనిపించింది. విసిరేస్తే కొత్తది కొనాలి కాబట్టి ఆగాను.

రెండో విడతకి ముందు డాక్టరమ్మ గదిలో కూర్చున్నాం. ఆవిడ ఎప్పటిలాగే అడిగింది. "ఈ నెల ఎలా ఉన్నారు మాస్టారూ?"

"బ్రహ్మాం..." అని ఆగాడు. అత్తయ్య వైపు చూశాడు. ఆవిడ నడుం పట్టీ బిగించుకుని సీటు అంచున కూర్చుంది. ఈసారి గోడ చదవడం లేదు, ఆయన్నే చూస్తోంది.

మావయ్య గొంతు సవరించుకున్నాడు. కోపంగా, ఎవరినో తిడుతున్నట్టు మొదలుపెట్టాడు.

"ఏం బాగుంది? మాత్రలేసుకున్న రోజుల్లో అన్నం సగం కూడా పోలేదు. నోరంతా పుళ్ళు. రెండుసార్లు తూలాను, పడలేదు, ఈవిడ పట్టుకుంది. వాకిలి దాకా వెళ్ళి వచ్చేసరికి గుండె దడ. మధ్యాహ్నం పడుకుంటే సాయంత్రం లేవబుద్ధి కాదు. ఇంకా ఏం కావాలి నీకు?"

డాక్టరమ్మ గబగబా రాస్తోంది. మాత్రల రోజులు తగ్గిస్తానంది, నోటికి వేరే మందిస్తానంది. ఇది ముందే తెలిస్తే మధ్యలోనే ఆపేదాన్నంది.

"రాసుకుంటున్నావా? సరిగ్గా రాసుకో" అన్నాడు మావయ్య. చెయ్యి చొక్కా గుండీ మీదకి పోయింది. "పోయిన వారం నా చొక్కా గుండీ నేను పెట్టుకోలేకపోయాను. అది కూడా రాసుకో."

ఆవిడ రాసుకుంది.